నాడి పట్టిన చేయి.. నేల పొరలు చదివింది!

* వైద్యుడిగా వచ్చి భూగర్భ శాస్త్రవేత్తగా మారిన డాక్టర్ వాయిసీ
* హైదరాబాద్ ప్రాంతానికి తొలి భూగర్భ పటం ఆయన చలవే
* గోదావరి తీరపు అడవుల్లో మృత్యుముఖం దాకా..

కొత్తగూడెం: సింగరేణి బొగ్గు చరిత్ర అనగానే అందరికీ గుర్తుకు వచ్చే పేరు డాక్టర్ విలియం కింగ్. 1871లో ఇల్లందు సమీపంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించిన ఆయన పేరును ‘కింగ్ సీమ్’ రూపంలో బొగ్గుపొర సైతం మోస్తోంది. పేరుకు ముందు డాక్టర్ అని ఉన్నా కింగ్ వైద్యుడు కాదు, భూగర్భ శాస్త్రవేత్త. అయితే ఆయన కంటే అర్ధశతాబ్దం ముందే నిజమైన వైద్యుడొకరు తెలంగాణ నేలలో రాళ్లను, ఖనిజాలను శాస్త్రీయంగా పరిశీలించారు. మన దేశంలో భూగర్భ పరిశోధనకు ఆద్యుల్లో ఒకరిగా శాస్త్రలోకం గౌరవించే ఆ వైద్యుని పేరు హెన్రీ వెస్లీ వాయిసీ. పరిశోధకులకు చిరపరిచితమైన ఆ పేరు బొగ్గుగనుల ప్రాంతంలోని సామాన్యులకు మాత్రం అంతగా చేరలేదు.

వైద్యపట్టా పొందినవారు వేరే రంగాలకు మళ్లడం నేడు వింత కాదు. సివిల్ సర్వీసెస్‌లోకి, రాజకీయాల్లోకి, పరిశోధనా రంగంలోకి వెళ్తున్న వైద్యులు ఎందరో. మచిలీపట్నంలో ప్రాక్టీసు వదిలిపెట్టి జాతీయోద్యమంలోకి దూకి, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య వైద్యుడే. మద్రాసులో వైద్యవిద్య చదివి, అమెరికా వెళ్లి జీవరసాయన శాస్త్రంలో అద్భుతాలు సాధించిన యల్లాప్రగడ సుబ్బారావుదీ అదే కోవ. వారికంటే శతాబ్ద కాలం ముందే ఈ బాట తొక్కి, ఆ బాటలోనే ప్రాణాలు విడిచిన వాయిసీ జీవితం ఆసక్తికరం.. విషాదభరితం.

వైద్యులే శాస్త్రవేత్తలైన కాలం

వాయిసీ 1791లో జన్మించారు. వైద్యవృత్తిని చేపట్టి సర్జన్‌గా సైనిక సేవలో చేరారు. ఆ రోజుల్లో యూరప్‌లో వైద్యవిద్య అంటే రోగ నిదానం, శస్త్రచికిత్సలకే పరిమితమైనది కాదు. మందులు చాలావరకు మొక్కల నుంచి, ఖనిజాల నుంచే తయారయ్యేవి. అందువల్ల వైద్య విద్యార్థులకు వృక్షశాస్త్రం, రసాయన శాస్త్రం తప్పనిసరిగా అబ్బేవి. ఖనిజ శాస్త్రంపై ఉపన్యాసాలు వినే అవకాశమూ ఉండేది. ప్రకృతిని పద్ధతిగా పరిశీలించి రాయడంలో శిక్షణ పొందినవారు వైద్యులను మించి మరొకరు లేని కాలమది.

ఈస్టిండియా కంపెనీ ఈ సంగతిని బాగా వాడుకొంది. సామర్లకోటలో సర్జన్‌గా పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించి వృక్షశాస్త్రంలో చిరస్మరణీయుడయ్యారు. విశాఖపట్నంలో ఉన్న డాక్టర్ పాట్రిక్ రస్సెల్ పాములపై పరిశోధన చేయగా, రక్తపింజరికి ఆంగ్లంలో ఆయన పేరే స్థిరపడింది. డాక్టర్ బెంజమిన్ హేన్ దక్షిణాదిలో వజ్రపు గనులను చూసి వివరంగా రాశారు. మొక్కలకు, పాములకు వైద్యుల్లో పరిశోధకులు దొరికారు. నేల పొరలనే ప్రధాన వృత్తిగా స్వీకరించే వైద్యుని కోసం మాత్రం మరికొంత కాలం ఆగాల్సి వచ్చింది.

సర్వే బృందంలో రెండు బాధ్యతలు

దేశాన్ని త్రిభుజాలుగా విభజించి కొలిచే బృహత్కార్యాన్ని కర్నల్ విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు సమీపంలోని సెయింట్ థామస్ మౌంట్ వద్ద ప్రారంభించారు. సగం టన్ను బరువున్న థియోడలైట్ యంత్రాన్ని కూలీలు మోసుకొంటూ కొండల మీదికి చేర్చేవారు. ఏళ్లు గడిచేకొద్దీ సర్వే ఉత్తరానికి సాగి నిజాం రాజ్యంలోకి ప్రవేశించింది. 1818 జనవరిలో ఈ సర్వే మద్రాసు ప్రభుత్వం నుంచి నేరుగా గవర్నర్ జనరల్ అధీనంలోకి మారింది. గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే అన్న పేరూ అప్పుడే స్థిరపడింది.

ఆ సందర్భంలోనే లాంబ్టన్‌కు ఇద్దరు సహాయకులు లభించారు. మొదటివారు జార్జి ఎవరెస్టు. తర్వాతి కాలంలో ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి ఆయన పేరే పెట్టారు. రెండవవారు వాయిసీ. సర్జన్, జియాలజిస్టు.. రెండు హోదాలనూ ఆయనకే కట్టబెట్టారు. నెలల తరబడి అడవుల్లో, కొండల్లో తిరిగే వందలాది మంది సిబ్బందికి వైద్యుని అవసరం ఎటూ ఉంది. బృందం ఎలాగూ దేశం నలుమూలలా తిరుగుతుంది కనుక, ఆ వైద్యుడే దారిలోని రాళ్లను, ఖనిజాలను పరిశీలిస్తే మేలన్నది ప్రభుత్వ ఆలోచన. ఇనుము ఎక్కడుందో, వజ్రాలు ఎక్కడున్నాయో తెలిస్తే లాభపడేది పాలకులేనన్నది వేరే చెప్పనక్కర లేదు.

నెలవు హైదరాబాద్. నగరం చుట్టూ ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే నల్లరాతి గుట్టలు వాయిసీకి తొలి పాఠశాల అయ్యాయి. తూర్పు, దక్షిణ దిక్కుల్లో గ్రానైటు ఎక్కడి దాకా ఉంది, పడమర, ఉత్తర దిక్కుల్లో నల్లరేగడికి తల్లియైన బసాల్టు శిల ఎక్కడ మొదలవుతుందీ అన్నది ఆయన నడుస్తూ, గుర్రంపై తిరుగుతూ నమోదు చేశారు. అలా రూపుదిద్దుకున్నదే హైదరాబాద్ ప్రాంతపు తొలి భూగర్భ పటం, దానికి తోడుగా సమగ్ర నివేదిక. దేశంలో ఒక ప్రాంతానికి పద్ధతి ప్రకారం తయారైన మొట్టమొదటి భూగర్భ పటంగా చరిత్రకారులు దీనినే పేర్కొంటారు.

యెల్లాపురం అడవిలో..

వాయిసీ జీవితంలో అత్యంత భయానక ఘట్టానికి వేదికైంది మాత్రం కృష్ణా, గోదావరి నదుల నడుమనున్న అరణ్యమే. నేటి ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో ఎక్కువ భాగం ఈ రెండు నదుల మధ్యనే ఉంది. 1819లో ఈ తూర్పు ప్రాంతాన్ని కొలిచే పనిని లాంబ్టన్ ఎవరెస్టుకు అప్పగించారు. వైద్యునిగా, భూగర్భ పరిశీలకునిగా వాయిసీ వెంట నడిచారు.

వానాకాలంలో వాతావరణం తేటపడి సుదూరపు కొండలు స్పష్టంగా కనిపిస్తాయని సర్వే అధికారుల నమ్మకం. అందుకే జోరువానల్లోనే పని సాగించారు. దారులు లేవు. వాగులు పొంగుతున్నాయి. ఒక కొండ నుంచి మరో కొండ కనిపించాలంటే నడుమనున్న చెట్లను కొట్టి వేయాల్సిందే. ఇలా గోదావరి సమీపాన యెల్లాపురం అనే చోటికి చేరుకున్న బృందాన్ని జ్వరం కమ్మేసింది. ఎవరెస్టు, వాయిసీ ఒకేసారి మంచాన పడ్డారు. కొద్ది రోజుల్లోనే దాదాపు 150 మంది జ్వరపీడితులయ్యారు. చికిత్స చేయాల్సిన వైద్యుడే వణికిపోతూ పడివుంటే, మిగిలినవారి దుస్థితి ఊహించుకోవచ్చు.

పని ఆపి హైదరాబాద్‌కు తిరుగుముఖం పట్టడం మినహా మార్గం లేకపోయింది. అడవిలో చెల్లాచెదురైనవారిని వెతికి తెచ్చేందుకు హైదరాబాద్ నుంచి ఏనుగులను, పల్లకీలను పంపించారు. దారిలో 15 మంది ప్రాణాలు కోల్పోయారు. బతికి నగరం చేరినవారు సైతం గుర్తుపట్టలేనంతగా చిక్కి శల్యమై ఉన్నారు. మరణించిన ఆ పదిహేను మంది గురించి పుస్తకాల్లో మిగిలింది సంఖ్య మాత్రమే. దేశ పటం గీతల వెనుక అలాంటి మూటలు మోసినవారి, చెట్లు కొట్టినవారి ప్రాణాలెన్నో కలిసిపోయాయి.

నాడు దీనిని అడవి జ్వరమన్నారు. మన్నెపు జ్వరమన్నా అదే. అడవి నుంచి, కుళ్లిన ఆకుల నుంచి లేచే చెడుగాలి వల్ల వస్తుందని వైద్యులంతా భావించేవారు. నెత్తురు తీయడం, విరేచనాల మందులివ్వడం అప్పటి చికిత్సల్లో సర్వసాధారణం. సింకోనా బెరడు నుంచి క్వినైన్‌ను వేరుచేసింది 1820లో, అంటే యెల్లాపురం విషాదం జరిగిన మరుసటి ఏడాది. దోమే ఈ జ్వరానికి మూలమని నిరూపించే తొలి ఆధారం దొరకడానికి ఇంకా 78 ఏళ్లు పట్టింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రొనాల్డ్ రాస్ సైతం సైనిక వైద్యుడే. ఆసుపత్రి విధుల నడుమ సూక్ష్మదర్శినికి అతుక్కుపోయిన రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ దెబ్బతో ఎవరెస్టు కోలుకోలేక, విశ్రాంతి కోసం దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్లాల్సి వచ్చింది. ప్రాణం దక్కిన వాయిసీ కూడా ఏదో ఒక పట్టణంలో సర్జన్‌గా స్థిరపడి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. కాని ఆయన మళ్లీ సుత్తి చేతబట్టారు.

ఉక్కు.. వజ్రం.. గవ్వ

ఆ తర్వాతి నాలుగేళ్లలో వాయిసీ చూసిన చోట్లు, రాసిన సంగతులు నేటికీ పరిశోధకులకు ఆధారమే. నిజామాబాద్ జిల్లాలోని కోనసముందర్‌లో స్థానిక కమ్మరులు ఉక్కు తయారుచేసే విధానాన్ని ఆయన దగ్గరుండి చూశారు. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును మట్టి మూసల్లో ఉంచి, మూత బిగించి, ఒక పగలు ఒక రాత్రి కొలిమిలో కాల్చే తీరును వివరంగా రాశారు. డమాస్కస్ కత్తులుగా లోకమంతా కొనియాడిన ఖడ్గాలకు ముడిసరుకు ఇలాంటి ఉక్కే. పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు ఇంత దూరం వచ్చి, దగ్గరుండి నాణ్యత చూసుకుని కొనుగోలు చేసేవారని వాయిసీ నమోదు చేశారు. పల్లె కమ్మరి పనితనానికి ఒక విదేశీ వైద్యుడు రాసిపెట్టిన సాక్ష్యమిది.

దక్షిణాది వజ్రపు గనులపై ఆయన పరిశీలన మరొక మైలురాయి. బనగానపల్లె వద్ద వజ్రాలు గులకరాళ్లు కలగలిసిన ఇసుకరాతి పొరలో లభిస్తున్నాయని గుర్తించారు. కృష్ణాతీరంలోని పరిటాల వంటి చోట్ల పాత గనుల మట్టినే మళ్లీ మళ్లీ జల్లెడ పడుతున్నవారినీ చూశారు. పూర్వం పారవేసిన చిన్న చిన్న ముక్కలు భూమిలో కాలక్రమాన పెరిగి పెద్ద వజ్రాలవుతాయన్నది వారి విశ్వాసం. దానిని ఎగతాళి చేయకుండా, రోగి చెప్పిన లక్షణాన్ని రాసుకున్నట్టే వాయిసీ రాసుకున్నారు.

ఆగ్రా వెళ్లినప్పుడు తాజ్‌మహల్‌లో పొదిగిన రాళ్లను ఒక్కొక్కటిగా గుర్తించి జాబితా తయారుచేశారు. లాజవర్ద్, కెంపుగోమేధికం, జేడ్ వంటి రకరకాల రాళ్లను ముక్కలుగా కోసి అమర్చిన తీరుకు ఆశ్చర్యపోయారు. ఒక్క పువ్వులోనే వంద వరకు రాతి ముక్కలు ఉండటం ఆయన దృష్టిని దాటిపోలేదు.

1823 జనవరి 20న లాంబ్టన్ హింగన్‌ఘాట్ వద్ద కన్నుమూశారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో వాయిసీ నేటి మహారాష్ట్రలోని గావిల్‌గఢ్ కొండలను పరిశీలించారు. అక్కడి బసాల్టు నడుమ ఒక పొరలో రాయిగా మారిన నత్తగుల్లలు కనిపించాయి. ఒక లావా ప్రవాహానికి, మరో ప్రవాహానికి నడుమ చాలాకాలం విరామం ఉండేదని, ఆ విరామంలో అక్కడ జీవజాలం బతికిందని చాటే ఆనవాళ్లవి. దక్కను లావా దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటిదని ఈనాటి శాస్త్రం లెక్కకట్టింది. డైనోసార్లు అంతరించిన కాలంతో అది సరిపోలుతున్నందున వాయిసీ చూసిన ఆ సన్నని పొరలను ప్రపంచ శాస్త్రవేత్తలు నేటికీ శోధిస్తూనే ఉన్నారు.

దారిలోనే ఆఖరి శ్వాస

యెల్లాపురం అడవి వదిలిపెట్టిన జ్వరం మరో అడవిలో పగబట్టినట్టు ఎదురైంది. 1824 వేసవిలో నాగపూర్ నుంచి కలకత్తాకు అటవీ మార్గాన బయల్దేరిన వాయిసీ దారిలో తీవ్ర జ్వరానికి గురయ్యారు. ఏప్రిల్ 19న తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన ముప్పైలలోనే ఉన్నారు. వైద్యుడు, అందునా అడవి జ్వరాన్ని స్వయంగా అనుభవించినవాడు.. అయినా తనను తాను కాపాడుకోలేకపోయారు. ఆనాటి వైద్యం ఆయన చేతికి అందించిన ఆయుధాలు అంతంత మాత్రమే.

వజ్రపు గనులపై వ్యాసం మరుసటి సంవత్సరం ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో వెలువడింది. ఉక్కు తయారీపై రాసినది 1832లో, హైదరాబాద్ భూగర్భ నివేదిక 1833లో అచ్చయ్యాయి. గావిల్‌గఢ్ గుల్లలు, నాగపూర్ సీతాబల్డీ కొండలపై పరిశీలనలూ ఆయన మరణానంతరమే వెలుగుచూశాయి. ప్రయాణాల్లో రాసుకున్న దినచర్య భాగాలు మరో రెండు దశాబ్దాలకు గాని ముద్రణకు నోచుకోలేదు. చేసిన కృషికి దక్కిన గుర్తింపును చూసే భాగ్యం వాయిసీకి కలగలేదు.

బొగ్గు దాకా సాగిన బాట

వాయిసీ వేసిన దారిలో మరికొందరు వైద్యులు నడిచారు. మద్రాసు సైన్యంలో సర్జన్‌గా ఉన్న జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ నిర్మల్ పరిసర కొండల్లో అలాంటి గుల్లలనే సేకరించి, వాయిసీ పరిశీలనలను ముందుకు తీసుకెళ్లారు. ఆవిరి ఓడలు రావడంతో 1836లో కంపెనీ ప్రభుత్వం కలకత్తాలో బొగ్గు అన్వేషణకు ఒక కమిటీని నియమించింది. దానికి కార్యదర్శిగా వ్యవహరించిన జాన్ మెక్లెలాండ్ సైతం వైద్యుడే. 1841లో డాక్టర్ వాకర్ ప్రాణహిత ఒడ్డున కోట గ్రామం వద్ద లభించిన బొగ్గుపై వ్యాసం ప్రకటించారు. గోదావరి లోయలో బొగ్గు ఉందన్న ఆశకు బలం చేకూర్చిన తొలి రచనల్లో అదొకటి.

కంపెనీ భూగర్భ సర్వేయర్‌గా 1846లో వచ్చిన డి.హెచ్.విలియమ్స్ రెండేళ్లకే అడవి జ్వరానికి బలయ్యారు. ఆ బాధ్యతను తాత్కాలికంగా భుజాన వేసుకున్నది మళ్లీ డాక్టర్ మెక్లెలాండే. 1851లో థామస్ ఓల్డ్‌హామ్ రాకతో భారత భూగర్భ సర్వే సంస్థ రూపుదాల్చింది. అక్కడి నుంచి ఈ పని వైద్యుల చేతుల్లోంచి, భూగర్భ శాస్త్రమే వృత్తిగా గలవారి చేతుల్లోకి మారింది. ఆ సంస్థ పంపగా వచ్చినవారే విలియం కింగ్. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాల హక్కులు పొందడం, 1889లో ఇల్లందులో ఉత్పత్తి మొదలవడం, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీగా మారడం ఆ తర్వాతి చరిత్ర. నేడు ఆ సంస్థకు కొత్తగూడెమే కేంద్రం.

వాయిసీ సింగరేణి బొగ్గును కనుగొనలేదు. కాని ఈ నేలను పద్ధతిగా పరిశీలించవచ్చని, పరిశీలించినదాన్ని పటంపై చూపవచ్చని ముందుగా చేసి చూపినవారు ఆయనే. రోగి శరీరంపై కనిపించే గుర్తులను బట్టి లోపలి వ్యాధిని ఊహించడం వైద్యుని విద్య. నేలపై కనిపించే రాతిని బట్టి లోపలి పొరను ఊహించడం భూగర్భ శాస్త్రవేత్త విద్య. మొదటిదాన్ని నేర్చినవాడికి రెండవది అంత దూరం కాదని ఆయన జీవితం చెబుతుంది. అలాగే, చదివిన చదువు నుంచి పక్కకు జరిగితే ఆ చదువు వృథా కాదని, అయితే ఆ దారిలో మూల్యం చెల్లించాల్సి రావచ్చనీ కూడా.

ఒకే ఊరిలో రెండు విద్యలు

కొత్తగూడెంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. స్కూల్ ఆఫ్ మైన్స్‌గా పేరొందిన ఇంజినీరింగ్ కళాశాల 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ విశ్వవిద్యాలయంగా ఎదిగింది. వాయిసీ ఒక్కరే మోసిన రెండు బాధ్యతలకూ నేడు ఒకే పట్టణంలో రెండు విద్యాలయాలు ఉన్నాయి. నాటి బృందాన్ని కబళించిన జ్వరానికి కారణమేమిటో ఇక్కడి వైద్య విద్యార్థికి తొలి ఏళ్లలోనే తెలిసిపోతుంది. వాయిసీ కాలినడకన వెతికిన రాతిపొరల లెక్క భూశాస్త్ర విద్యార్థికి తరగతి గదిలోనే అందుతుంది. ఇద్దరికీ ఆ జ్ఞానం అందడానికి ముందు, ఈ నదుల నడుమనున్న అడవిలో ఒక వైద్యుడు, ఆయన వెంట దాదాపు 150 మంది జ్వరంతో వణికారన్నది మాత్రం పాఠ్యపుస్తకాల్లో కనిపించని పాఠం.